కాశీరత్నానికి పోసిన నీళ్ళు

మా అమ్మాయిని మేం కనలేదు. నాలుగు నెలల పిల్లప్పుడు దత్తత తెచ్చుకున్నాం. ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలుసు. పదేళ్ళు నిండినా తనకే తెలియదు. చెప్పాలి, చెప్పాలి అనుకుంటూ ఏళ్ళు దొర్లించేసిన ఘనుణ్ణి నేనే.

మొన్న వేసవిలో మామిడి కోతలు ముగిసే వేళకు చాట్రాయి నుంచి మా బాబాయి వచ్చాడు. వసారాలో కూర్చుని చిన్నరసం పండు జుర్రుకుంటూ, వాకిట్లో దానంతట అదే మొలిచిన మామిడి మొక్కను చూపించి, "పీకి పారెయ్యరా. తల్లెవరో తెలియని టెంక మొక్క. రేపు ఏం కాయ కాస్తుందో ఎవడికి తెలుసు?" అన్నాడు. అందులో తప్పేం లేదు, మామిడి రైతులం అంటు మొక్కల్నే నమ్ముతాం. కానీ ఆ మాట అంటూ ఆయన పక్కనే కూర్చుని టెంక చీకుతున్న మా అమ్మాయి వైపు ఒక్క చూపు చూశాడు.

ఆయన బస్సెక్కగానే మా ఆవిడ అందుకుంది.

"ఇవాళ కళ్ళతో అన్నాడు, రేపు నోటితో అంటాడు. ఇంకెవరో చెప్పేలోపు మనమే చెప్పాలండీ."

"చెబుదాంలే."

"లే కాదు. ఎప్పుడు?"

ఆ వారమే బడులు తెరిచారు. అమ్మాయి నోటుబుక్కు కాగితంలో నాలుగు నల్లటి గింజలు మడిచి తెచ్చింది. కాశీరత్నం తీగవి. సన్నటి ఆకులు, చుక్కల్లాంటి బుల్లి పూలు ఉంటాయే, అది. తనకూ, ముసునూరులో ఉండే స్నేహితురాలికీ టీచరు చెరి నాలుగు ఇచ్చిందట. ఏ రంగు పూస్తుందో ఆవిడకూ తెలియదట. పిల్ల వాటిని నానబెట్టి వసారా స్తంభం మొదట్లో నాటింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవాలి గనుక, "దీనికి మొదటి పువ్వు పూసిన రోజున చెప్పేస్తాను, ఒట్టు" అన్నాను మా ఆవిడతో.

అయిదో రోజుకే మొలకలొచ్చాయి. పిల్ల పురికొస కడితే తీగ దాన్ని పట్టుకుని ఎగబాకింది. అది జానెడు పెరిగితే నాకు మూరెడు దిగులు. కాలు ఒకచోట నిలిచేది కాదు. తోటకని బయలుదేరి సగం దారిలో తిరిగొచ్చేవాణ్ణి. "అమ్మా, నీకో సంగతి చెప్పాలి" అని బండి మీద పోతూ వల్లించుకునేవాణ్ణి. హనుమాన్ జంక్షన్‌లో లారీ వెనక ఆగినప్పుడు కూడా పైకే అనేసినట్టున్నాను, పక్క బండివాడు నన్ను ఎగాదిగా చూశాడు.

మామిడికి పూత రావాలంటే కార్తీకం దాటాక తోటకు నీళ్ళు ఆపేస్తాం. నీళ్ళు తగిలితే చెట్టు చిగురేసుకుంటూ కూర్చుంటుంది గానీ పూత పెట్టదు. ఏ మామిడి రైతునడిగినా చెబుతాడు. నేనేం చేశానంటే, ఆ తీగకు నీళ్ళు పోయడం మొదలుపెట్టాను. పొద్దున రెండు బకెట్లు, సాయంత్రం రెండు. పైగా అప్పుడప్పుడూ పిడికెడు యూరియా. వాన పడుతుంటే గొడుగు వేసుకుని మరీ పోశాను.

"ఇదేంటండీ, వానలో నీళ్ళు పోస్తున్నారు?" అన్నాడు ఎదురింటాయన.

"మీ పని మీరు చూసుకోండి" అని కసిరాను.

తీగ స్తంభాన్ని కప్పేసి చూరెక్కింది. ఒక్క మొగ్గ లేదు. సిగ్గులేకుండా సంతోషించాను.

ఒక సాయంత్రం అమ్మాయి బడి నుంచి వచ్చి, పుస్తకాల సంచీ అయినా దించకుండా స్తంభం దగ్గర కూలబడింది. ముసునూరు పిల్ల తీగ పూసి అప్పుడే వారమైందట.

"అవే గింజలు నాన్నా. నేను నాటాననే పూయట్లేదా? నా చెయ్యి మంచిది కాదా?"

"ఛ, అదేం మాట!" అన్నాను. గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ నన్నూ, నా చేతిలోని బకెట్‌నూ చూసింది. ఆమె కూడా మామిడి రైతు కూతురే, అర్థం కావడానికి ఎంతసేపు? నాలుగు తిట్టినా బాగుండేది. ఆ నీళ్ళు వాకిట్లో కుమ్మరించేశాను.

మర్నాటి నుంచి చుక్క నీరు పోయలేదు. వానలు కూడా మొహం చాటేశాయి. పది రోజులు గడిచాక ఒక ఆదివారం పొద్దున "నాన్నా!" అని కేక. తీగ చివర ఒకే ఒక్క తెల్ల పువ్వు. పిల్ల గంతులేస్తోంది. మా ఆవిడ వచ్చి నా పక్కన నిలబడింది.

చెప్పాను. బండి మీద వల్లించుకున్న మాట ఒక్కటీ గుర్తు రాలేదు. దత్తత కాగితాల మీద సంతకాలు పెట్టి బయటికి రాగానే వాన పట్టుకుందని, నా తువ్వాల్లో చుట్టి ఆటోలో తెచ్చామని, దారి పొడుగునా నా వేలు వదల్లేదని చెప్పాను. నా ఒట్టు గురించి, పువ్వు పూయకూడదని పోసిన నీళ్ళ గురించి కూడా చెప్పేశాను.

"చాట్రాయి తాతయ్యకు తెలుసా?" అంది అమ్మాయి.

"తెలుసు."

"ఎదురింటి అంకుల్‌కి?"

"తెలుసమ్మా."

"అందరికీ తెలుసు. నాకే తెలీదు."

లేచి లోపలికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం అన్నం వాళ్ళమ్మ దగ్గర తింది, నా మొహం చూడలేదు. నేను కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. సాయంత్రానికి తీగ ఆకులు వాలి ఉన్నాయి. ఏం చేయాలో తోచక బకెట్ నింపుకుని వెళ్ళాను. పిల్ల విసురుగా వచ్చి లాక్కుంది.

"నువ్వు పోయకు నాన్నా. ఇకనుంచి దీనికి నేనే పోస్తాను."

సరిగ్గా ఒక్క చెంబు ముంచి, తీగ మొదట్లో మెల్లగా పోసింది. నా వైపు తిరక్కుండానే అడిగింది.

"ఆ తువ్వాలు ఉందా?"

"ఉంది. మీ అమ్మ దాచింది."

"చూపించు. ఇప్పుడే."

బీరువా దగ్గరికి పరుగెత్తాను.