ఎర్ర తలగుడ్డ

ఆ రోజు నేనొక అబద్ధం ఆడానని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు.

వినుకొండ బస్సులో నా ఒళ్లో ఒక పత్రిక ఉంది. దాని అట్ట మీద మిరప కల్లంలో నవ్వుతున్న కూలీ మనిషి ఫోటో, తలకు కొత్త ఎర్రగుడ్డ. కింద ‘శ్రమకు కిరీటం’ అని అచ్చువేశారు. ఆ మాట నాకెంతో నచ్చింది.

పక్క సీటులో దగ్గుతున్న ఆమె వంగి చూసింది. “అమ్మాయిగారూ, అది నేనే!” అంది.

నిజంగా ఆమే. పైవరుసలో అదే విరిగిన పన్ను.

“ఆ గుడ్డ మాత్రం నాది కాదు. ఘాటుకి మేం ముక్కూ నోరూ మూసేలా పాత పంచె ముక్క కట్టుకుంటాం. మొహం కనపడాలని ఫోటో ఆయన అది విప్పించాడు. తన సంచీలోది తీసి నెత్తికి చుట్టాడు. దగ్గొచ్చి నేను చస్తుంటే నవ్వమంటాడు! పనయ్యాక గుడ్డ విప్పుకుపోయాడు.”

తర్వాత కింది అక్షరాల మీద వేలు పెట్టింది. “ఇది నా పేరేగా? వేస్తానని అడిగి మరీ రాసుకున్నాడు. నేను చెబితే మా ఊళ్లో ఒక్కరూ నమ్మలేదు.”

పేరు ఎక్కడా లేదు. కిరీటమన్న మాట ఆమెకు చదివి వినిపించడానికి నాకు నోరు రాలేదు.

“ఆఁ, పేరే వేశారు” అన్నాను.

ఆమె పేరేమిటో నాకు తెలియదు.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, బస్సంతా ఒకసారి కలయజూసింది.

“గట్టిగా చదువమ్మా, అందరికీ వినపడాల.”