టర్బో లేని కారు వేసిన ఈల

మా ఇంట్లో దెయ్యం మాట ఎత్తినవాళ్లకు ఆ పూట అన్నం పెట్టను. ఇప్పటికీ అంతే. నేను చదివింది మూడో తరగతి. అయినా నా చెవులు బాగానే పనిచేస్తాయి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది నరసన్నపేట. గోనె సంచుల వ్యాపారం. రాష్ట్రం విడిపోయిన మరుసటేడు మా అబ్బాయి రమణకు కారు పిచ్చి పట్టింది. అప్పటికి వాడికి నలభై నాలుగేళ్లు. తల నెరిసింది గానీ బుద్ధి నెరవలేదు.

కొత్తవలసలో ఎవరో పోయినాయన దాచుకున్న విదేశీ స్పోర్ట్స్ కారు అమ్ముతున్నారని విన్నాడు. కార్లకు టర్బో పెట్టడం మొదలైన రోజుల నాటిదట. దానికోసం మా ఆయన కట్టించిన గోడౌను బేరం పెట్టి బయానా కూడా పుచ్చుకున్నాడు. వచ్చే సోమవారం రిజిస్ట్రేషను. గోడౌను పోతే సరుకు పెట్టుకునే చోటు లేదు. చోటు లేకపోతే వ్యాపారమే లేదు.

భోజనం దగ్గర ఒక కాగితం తీసి చదివేవాడు. రెండు లీటర్ల ఇంజను, నాలుగు సిలిండర్లు, నూట డెబ్బై గుర్రాల బలం.

“అంతా ఒరిజినలేనమ్మా.”

“ఒరిజినల్ అంటే ఏటిరా?”

“కంపెనీలోంచి ఎలా దిగినాదో అలాగే ఉన్నాదని.”

“నువ్వూ ఒరిజినలేరా. పుట్టినప్పుడు ఎంత బుద్ధున్నాదో ఇప్పుడూ అంతే.”

బయటికి పోయే పొగే చిన్న చక్రాన్ని తిప్పి, ఇంజనులోకి మరింత గాలి కొడుతుందట. అదే టర్బో అట. గంజి పారబోయకుండా వాడుకున్నట్టు. ఆ ఒక్క సంగతి నాకు నచ్చింది. ఆ చక్రం జోరుగా తిరిగితే సన్నటి ఈల వస్తుందని, అది వింటేనే కొంటానని చెప్పి నన్నూ కొత్తవలస తీసుకెళ్లాడు.

అమ్మేది పోయినాయన బావమరిది. ముందు సీట్లో రమణ పక్కన ఆయన, వెనక నేను. బండి వేగం అందుకోగానే ఈల వచ్చింది. సన్నగా మొదలై పైకి లేచింది. బ్రేకు వేయగానే ఆగింది. నేను విన్నాను, రమణ విన్నాడు. బావమరిది మొహం పాలిపోయింది. ఎండకనుకున్నాను. బయానా డబ్బుకు చేతిలో ఉన్నది కలిపి ఇచ్చి, మిగతాది గోడౌను రిజిస్ట్రేషను అయ్యాక ఇస్తానని రమణ బండి తెచ్చేశాడు.

మూడో రోజు శ్రీకాకుళం నుంచి మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తాడు.

“టర్బో ఏదండీ?”

అది ఉండాల్సిన చోట రేకు ముక్క బిగించి ఉంది. దాని మీద తుప్పు గోకి చూపించాడు. “పీకీసి పదేళ్లు దాటుంటాది. ఇందులో ఈలెలాగొస్తాదమ్మా? మనం నోటితో ఎయ్యాల!” అని నవ్వాడు.

నవ్వొద్దు, తోలి చూడమన్నాను. తోలాడు. పొలిమేర దాటగానే ఈల వచ్చింది. మెకానిక్ బండి ఆపి దిగిపోయాడు. కూలి కూడా అడగకుండా బస్సెక్కాడు.

నాకు భయం వేయలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడు పొద్దున్నే రమణను లేపి, బండి వెనక్కి ఇచ్చేసి రావాల్సిందేనన్నాను. దారి పొడుగునా ఈలే. “నోర్ముయ్!” అని బండినే తిట్టాను. వింటేనా!

బావమరిది వీధి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. “అమ్మీసినాక మాకేటి సంబంధం? సూసుకునే కొన్నారు కదా.”

“సూసి కాదు నాయనా, ఇని కొన్నాం! లేని టర్బో ఉన్నాదని అంటగడతావా?”

వీధి వీధంతా పోగయింది. రమణకు రోషం వచ్చి, బండిలో కూర్చుని, నిలబెట్టిన చోటే యాక్సిలరేటర్ తొక్కాడు. ఈల లేచింది. అందరూ విన్నారు.

లోపలి నుంచి పోయినాయన భార్య వచ్చింది. చేతికి శనగపిండి అంటుకుని ఉంది. మమ్మల్నెవరినీ చూడలేదు. తిన్నగా బండి దగ్గరకొచ్చి బానెట్ మీద చరిచింది.

“మల్లీ మొదలెట్టీసినారా? సాలించండి. అందరూ సూస్తన్నారు.”

ఈల ఆగిపోయింది. రమణ కాలు తీయలేదు. ఇంజను అరుస్తూనే ఉంది.

తరువాత ఆవిడే చెప్పింది. టర్బో పాడైతే కొత్తది దొరకక తీయించేశాడట ఆయన. ఆనాటి నుంచి బండి తోలినప్పుడల్లా నోటితో ఈల వేసేవాడట. “బండికి లోటు తెలీకూడదనేవోరు” అంది. అని, తమ్ముడి వైపు తిరిగి, డబ్బు తెచ్చి ఇచ్చేయమంది.

డబ్బు లెక్కపెట్టుకుని, బండి అక్కడే వదిలేశాం. రైల్లో ఆమదాలవలస వచ్చి, బస్సెక్కి ఇంటికి చేరాం. సోమవారంలోగా బయానా తిప్పి ఇచ్చేశాం. గోడౌను నిలబడింది.

ఆ ఈల ఎక్కడి నుంచి వచ్చిందో, ఆవిడ మాటకు ఎందుకు ఆగిందో నాకు తెలియదు. ఎవరైనా వివరం చెబితే వింటాను.

మా ఆయన పోయి పందొమ్మిదేళ్లయింది. ఆ గోడౌను తలుపులు రోజూ నేనే తీస్తాను. ఇన్నేళ్లలో లోపల ఆయనది చిన్న దగ్గు కూడా వినపడలేదు. నా కోపం దానికే.