ఒక చెంబు స్తోత్రం

మా సోషల్ టీచరమ్మ పోయిందని నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ నుంచి వచ్చిన బస్సు దిగుతూనే మా చిన్నాన్న నాతో చెప్పాడు. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు. ఈ నాలుగు మాటలూ ఆ కోపంతోనే రాస్తున్నాను.

ఆళ్లగడ్డలో అహోబిలం దారి మీద మా కొట్టు, దాని పక్కనే ఆమె ఇల్లు. మేం శెట్లం, ఆమె క్రైస్తవురాలు. తిరునాళ్ల వచ్చిందంటే అరుగు మీద మజ్జిగ కడవ పెట్టేది. నడిచొచ్చే భక్తులు "గోవిందా" అంటే, ఆమె చెంబు ముంచుతూ "స్తోత్రం" అనేది. క్రైస్తవులు దేవుణ్ణి తలచుకునే మాట అది. పల్లెటూరి వాళ్లకు ఆ సంగతేం తెలుసు? మజ్జిగ పేరే స్తోత్రం అనుకున్నారు. "అక్కా, ఇంగొక చెంబు స్తోత్రం పోయ్. రవ్వంత ఉప్పెయ్" అనేవాళ్లు. ఆమె పడీ పడీ నవ్వేది కానీ దిద్దేది కాదు. పటంలో ఒక నది తప్పు చూపిస్తే చెవి మెలిపెట్టే మనిషి! లోకం గురించి నాకు నాలుగు ముక్కలు తెలుసంటే ఆమె చలవే.

"వాళ్లకు చెప్పొచ్చు గదమ్మా?" అన్నాను ఒకసారి.

"యాలప్పా? దప్పి తీరినాక నోట్లోంచి ఏ మాటొచ్చినా స్తోత్రమే."

ఎనభైలలో మైకులొచ్చాయి. చర్చికి కొత్త పాస్టరు అయ్యగారు వచ్చాడు, ప్రసంగాల క్యాసెట్లు వినీ వినీ గొంతు మార్చుకున్నవాడు. "పరిశుద్ధమైన మాటను మజ్జిగ చేస్తాండావు" అని ఆమెను సండే స్కూలు నుంచి మాన్పించాడు. ఇటు మావాళ్లు తక్కువా? బొట్లు పెద్దవి చేసుకున్న కుర్రాళ్లు కొందరు, "మజ్జిగ పోసి మనోళ్లతో స్తోత్రం అనిపిస్తాంది, మతం మారుస్తాంది" అని కడవ పగలగొట్టారు. ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్లు ఆ ఒక్క మాట దగ్గర ఎంత బాగా కలిశారో! దొందూ దొందే.

పెంకులు ఏరుతూ ఆమె అంది: "రేడియో వింటాండావు గదా. ఏ దేశం కబురు విన్యా ఇదే. ముందు జనం దేవునికి మొక్కేవాళ్లు. ఇప్పుడు పక్కోడు యాడ మొక్కుతాండాడో కాపలా కాస్తాండారు."

మరుసటేడు అరుగు మీద ఇత్తడి బిందె పెట్టింది. "ఇది పగల్దులేప్పా" అని నవ్వింది.

ఈసారి తిరునాళ్లలోనే పోయింది. నేను వెళ్లేసరికి ఆమె ఇంటి ముందు శవపేటిక పక్కన అయ్యగారు మాట్లాడుతున్నాడు. ఆమె గొప్ప దైవసేవకురాలట. ఆయన తర్వాత, కడవ పగలగొట్టిన గుంపు నాయకుడు పూలదండ వేసి, ఆమె మతసామరస్యానికి ప్రతీక అన్నాడు. ఇద్దరిలో ఒక్కడూ కడవ మాట ఎత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

అంతలో రోడ్డు మీద "గోవిందా" అని కేక. చావు సంగతి తెలియని ముసలాయన ఒకాయన అరుగు దగ్గరికొచ్చి, బిందె లేని మూల చూసి, చెంబు చాచాడు.

"ఏందప్పా, ఈయేడు స్తోత్రం ల్యాదా?"

"చెప్పండి" అన్నాను ఆ ఇద్దరితో. "మీరే చెప్పండి ఆయనకు."

అయ్యగారు బైబిలు పేజీలు తిప్పాడు, నాయకుడు పూలదండ సర్దాడు. ముసలాయన చెంబు చాచుకునే నిలబడ్డాడు.