కానుగ కొమ్మకు నీలగిరి వాసన

దేవసహాయం తాతకు బైబిలు తర్వాత అంత ముఖ్యమైన వస్తువు జేబురుమాలు. తెల్లది, ఇస్త్రీ చేసింది, నాలుగు మడతలది. పొద్దున్నే దాని మీద నాలుగు చుక్కల నీలగిరి తైలం పోసి జేబులో పెట్టుకుంటేగానీ గడప దాటేవాడు కాదు. ముక్కు దిబ్బడ ఆయనకు పుట్టినప్పటి నుంచీ చుట్టం. ఆ రుమాళ్లు ఉతికీ ఉతికీ, తాను పెళ్లాడింది మనిషిని కాదు, తైలం సీసానని ఆలిస్ అమ్మమ్మ చర్చిలో ఆడవాళ్లతో చెప్పేది.

రేపల్లె నుంచి సికింద్రాబాద్ వచ్చి ఒక పరిశోధనశాలలో అటెండరుగా చేరిన తాత, ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్క గాజు గొట్టం కూడా పగలగొట్టలేదు. ఈ సంగతి అడిగినవాళ్లకూ చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు. చర్చిలో ప్రభువు బల్ల ఆరాధన అయ్యాక, ద్రాక్షరసం ఇచ్చిన చిన్న గ్లాసులు కడిగి తుడిచే పని కూడా ఆయనదే. ఇంకెవరైనా తుడిస్తే, వాళ్లు అటు తిరగ్గానే మళ్లీ తీసి తుడిచేవాడు.

ఇంకో ఏడాదిలో రిటైరవుతాడనగా, తొంభై తొమ్మిది వేసవిలో, ఆయన్ని కామాక్షి దగ్గర వేశారు. కరీంనగర్ పిల్ల, రెండేళ్ల తాత్కాలిక ఉద్యోగం. ఆమె పరిశోధన చెట్ల ఊపిరి మీద. ఎండ ముదిరేకొద్దీ ఆకుల్లోంచి కంటికి కనపడని ఆవిర్లు వస్తాయట. అవి బండ్ల పొగతో కలిసి, ఎండలో మారి మారి, గాలిలో తేలే సన్నటి నలుసులవుతాయట. మధ్యాహ్నం పూట రోడ్డు చివర మసగ్గా కనపడటానికి ఆ నలుసులు కూడా కొంత కారణమట. తాత ఇంటికొచ్చి ఇదంతా చెబితే, అయితే ఇన్నాళ్లూ నేను ఊడ్చింది చెట్ల ఊపిరేనా అంటూ అమ్మమ్మ చీపురు ఆయన చేతిలో పెట్టింది.

పని జరిగేది సైనిక్‌పురిలో ఒక కానుగ చెట్టు దగ్గర. కొమ్మకు ఆకులతో సహా పల్చటి ప్లాస్టిక్ సంచి తొడిగి కట్టాలి. గంట ఆగి, లోపలి గాలిని చిన్న పంపుతో స్టీలు గొట్టంలోకి లాగి మూత బిగించాలి. పక్కనే ఒక ఖాళీ సంచి కూడా కట్టి దాని గాలీ తేవాలి, తేడా తెలియడానికి. పొద్దుటి గొట్టాలు కామాక్షి నింపుకునేది, మధ్యాహ్నపువి తాత. సంచి లోపల ఏదీ తగలకూడదని ఆమె మొదటిరోజే చెప్పింది.

మూడు వారాలయ్యాక ఒక గురువారం, యంత్రం గీసిన కాగితాలు బల్ల మీద పరిచి ఆమె తాతను పిలిచింది.

“అంకుల్, జెర గిటు చూడుండ్రి. ఈ లేసిన గీత నీలగిరి చెట్టు వాసన. కానుగల ఉండేది కాదు. పొద్దుగాల వస్తలేదు, మధ్యాహ్నమే వస్తున్నది. ఖాళీ సంచిల సుత లేదు. అంటే చెట్టే ఇడుస్తున్నది.”

వచ్చే శుక్రవారం పెద్ద సైంటిస్టుల ముందు ఇదే చెబుతానంది. వాళ్లకు నచ్చితే ఉద్యోగం మూడేళ్లు పొడిగిస్తారంది. సాయం చేసినవాళ్లలో ఆయన పేరే ముందు వేస్తానంది.

తాత చెయ్యి జేబు మీదికి పోయి అక్కడే ఉండిపోయింది.

ఎండకు కొమ్మ సంచి లోపల చెమ్మ పడుతుంది. సంచి అలా మసకబారితే, గ్లాసు మీద వేలిముద్ర చూసినట్టు ఆయనకు చెయ్యి ఊరుకునేది కాదు. గాలి లాగే ముందు సంచి మూతి విప్పి, రుమాలుతో లోపలంతా తుడిచి, మళ్లీ కట్టేవాడు. ఖాళీ సంచికి చెమ్మ పట్టదు కనుక దాన్ని తుడవలేదు. కామాక్షి చెప్పిన మాట మరిచిపోయి కాదు. శుభ్రం సంగతి ఈ చిన్నపిల్ల తనకు చెప్పేదేమిటని.

ఆ రోజు నోరు విప్పలేదు. మర్నాడు తైలం లేని రుమాలు పట్టుకెళ్లి, సంచి జోలికి పోకుండా గొట్టం నింపుకొచ్చాడు. కాగితం మీద ఆ గీత లేవలేదు. దానంతటదే సద్దుమణుగుతుందనుకున్నాడు. కామాక్షి మాత్రం, నిన్న మబ్బు పట్టింది కదా, అందుకే చెట్టు ఇడవలేదని సంబరపడి ఇంకో పేజీ రాసుకుంది. తాత తలూపాడు. ఆ తలూపడం తర్వాత చాలా ఏళ్లు ఆయన్ని పొడిచింది.

శనివారం రాత్రి అన్నం ముందు కూర్చుని అమ్మమ్మతో చెప్పాడు. దేనికైనా నవ్వే అమ్మమ్మ నవ్వలేదు.

“మీ వెనక ఇరవై తొమ్మిదేళ్లున్నాయండీ. ఆ పిల్లకున్నవి రెండే.”

ఆదివారం చర్చిలో గ్లాసులు తుడిచే గుడ్డను తాత జీవరాజు అనే కుర్రాడి చేతికిచ్చి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఒంట్లో బాగాలేదేమోనని అందరూ అడిగారు. జీవరాజు తుడిచిన గ్లాసుల వైపు ఆయన కన్నెత్తి చూడలేదు.

సోమవారం తైలం పోసిన రుమాలు పట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్లాడు. ఖాళీ సంచి ఒక్కటే కట్టి, లోపల తుడిచి, గాలి లాగి తెచ్చాడు. యంత్రంలో పెడితే గీత నిటారుగా లేచింది. చూశారా, మళ్లీ ఇడిచింది అని కామాక్షి అంటుండగానే ఆయన రుమాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“అందులో కొమ్మ లేదమ్మా. ఉత్త సంచి. చెట్టు కాదు, నేను.”

ఆమె రుమాలు వాసన చూసి, మడత చెడకుండా మళ్లీ అక్కడే పెట్టింది.

“ఎప్పుడు ఎర్కయింది అంకుల్?”

“గురువారం.”

“ఇయ్యాల సోమవారం.”

ఆమె ఎర్ర పెన్ను తీసి మధ్యాహ్నపు కాగితాలు ఒక్కొక్కటే కొట్టేసింది. పద్దెనిమిది. తిట్టినా బాగుండుననుకుంటూ తాత చివరిదాకా నిలబడే ఉన్నాడు.

శుక్రవారం ఆమె పొద్దుటి ఫలితాలే చెప్పింది. మధ్యాహ్నపువి తమ పొరపాటు వల్ల పాడయ్యాయంది. ఎవరి పొరపాటో ఎవరో అడిగితే, నాదేనంది. మూడేళ్లు అనుకున్నది ఒక్క ఏడాదే పొడిగించారు. ఆమె నివేదిక చివరి పేజీలో సాయం చేసినవాళ్ల పేర్లు వేశారు. అన్నమాట ప్రకారం దేవసహాయం పేరే ముందుంది. టీ ఫ్లాస్కుల పక్కన నిలబడి తాత అది చదివాడు. ముక్కు కారుతోంది, జేబులో రుమాలు లేదు. చొక్కా చేతికి తుడుచుకున్నాడు. ఆయన అలా తుడుచుకోవడం అదే మొదటిసారి.

గాజు గొట్టాల సంగతి ఆ తర్వాత ఆయన ఎవరికీ చెప్పలేదు. మనవలు మాత్రం ఊరుకుంటారా? కానుగాకుకు రెండు చుక్కల తైలం పూసి, ఇదేం వాసన తాతా అని ముక్కు దగ్గర పెడతారు. తాత కళ్లు మూసుకుని నిదానంగా వాసన చూస్తాడు.

“ఎవర్రా దీన్ని తుడిచింది?” అంటాడు. ఆయన చెవులు ఎర్రబడతాయి.