ఆదివారం రికార్డింగులో రెండో ఆడియో

దయ్యాలంటే నాకు భయం కాదు, చిరాకు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి సైన్సు చెబుతున్నదాన్ని. ఎవరైనా "మా ఇంట్లో ఏదో తిరుగుతోందండీ" అంటే, "ఎలుకేమో, బోను పెట్టండి" అనేదాన్ని. ఇది మాత్రం నా ఇంట్లో, పట్టపగలు జరిగింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

2009 ప్రాంతం. మార్టూరు దగ్గర ఉండేవాళ్ళం. ఇంట్లో నేను, మా ఆయన, మా మావయ్యగారు. ఆ ఎండాకాలం మావయ్యగారు వరండాలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. మంచం దిగలేని పరిస్థితి.

ఆయన ఎలా పడ్డారో దాచకుండా చెప్పాలి. ఆ రోజు ఏడాదికి సరిపడా కారం పట్టించుకొచ్చి, వరండాలో కూర్చుని జల్లించి డబ్బాలకెత్తాను. ఒళ్ళంతా భగ్గున మండిపోతుంటే, నేల మీది కారం పోవాలని రెండు బకెట్ల నీళ్ళు గుమ్మరించి, తుడవకుండానే స్నానానికి పరిగెత్తాను. ఆయన ఆ నీళ్ళలోనే పడ్డారు. ఎలా జరిగిందని అందరూ అడిగితే, ఆయన చేతిలో చెంబు ఒలికిందన్నాను. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది. పాపం, ఆయనా అదే నమ్మారు. "ముసలి చేతులు కదయ్యా, ఒలకబోసుకున్నా" అని పరామర్శకి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు. విన్నప్పుడల్లా నా ప్రాణం చచ్చిపోయేది. చెప్పేద్దామని ఆయన గదిలోకి వెళ్ళేదాన్ని, మాత్రలిచ్చి వచ్చేసేదాన్ని.

ఆదివారం ఆయనకి టిఫిన్ పెట్టి, మంచం పక్కన మంచినీళ్ళుంచి, బయట తాళం వేసి మేమిద్దరం చర్చికి వెళ్ళేవాళ్ళం. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉండేది. సరిగ్గా ఆరాధన టైములోనే టీవీలో ఓ వంటల కార్యక్రమం వచ్చేది. మా కొత్త డిష్ పెట్టెలో రికార్డింగు ఉంది కదా అని టైము పెట్టి వెళ్ళేదాన్ని. టీవీ ఆపేసినా పెట్టె తన పని తాను చేసుకుపోయేది.

తిరిగొచ్చి చూస్తే బొమ్మ ఉంది, మాట లేదు. మిగతా రోజుల రికార్డింగులు బాగానే వినిపిస్తున్నాయి. ఆదివారానివే మూగగా ఉన్నాయి. వైర్లు పీకి మళ్ళీ పెట్టాను. ఎరుపుది తెలుపులో, తెలుపుది ఎరుపులో మార్చి చూశాను. ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని మెనూలన్నీ తిప్పాను. కస్టమర్ కేర్ అమ్మాయి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కావాలి, పెట్టె ఆపి పది నిమిషాలాగి వెయ్యమంది. వేశాను. తెర మీద ఏవో అంకెలు నడిచాయి. పెట్టె మళ్ళీ లేచాక ఆడియో మెనూలో "తెలుగు" కింద కొత్తగా ఇంకో వరస కనిపించింది. దానికి పేరు లేదు, 2 అని మాత్రం ఉంది. హమ్మయ్య, దొరికింది అనుకుని నొక్కాను.

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ప్రతి చుట్టుకీ టక్ మంటోంది. అది మావయ్యగారి గదిలో ఫ్యాను. టీవీ ఉన్నది ముందు గదిలో. తర్వాత రోడ్డు మీద రాళ్ళ లారీ వెళ్ళింది, కిటికీ అద్దాలు గలగలలాడాయి. మావయ్యగారు దగ్గారు. ఆయన దగ్గు ఆగాక, దగ్గర్లోనే ఒక ఆడగొంతు, "వచ్చాను మావయ్యగారూ" అంది. 

రిమోట్ కింద పడేసి టీవీ స్విచ్ తీసేశాను. తాళం వేసిన ఇంట్లోకి ఎవరో ఆడమనిషి వస్తోంది, కదల్లేని మనిషి పక్కన కూర్చుంటోంది. నాకు తోచింది అదొక్కటే.

మర్నాడు మెకానిక్‌ని పిలిపించాను. మా ఆయన కూడా ఉన్నారు. మెకానిక్ పెట్టె విప్పి, టార్చి వేసి చూపించాడు. "దీంట్లో మైకనేదే ఉండదు మేడం. ఇంట్లో మాటలు దీనికెట్టా ఎక్కుతాయి?" అన్నాడు. బిగించి, ఆ రెండో వరస వాడే నొక్కాడు. ఈసారి ఎవరూ ఆపలేదు. ఫ్యాను, లారీ, దగ్గు, "వచ్చాను మావయ్యగారూ." ఆ తర్వాత ఇలా వినిపించింది.

"వరండాలో నీళ్ళు పోసింది నేనే. తుడవలేదు. చెంబు మాట అబద్ధం. నన్ను క్షమించండి."

తర్వాత ఏడుపు. అంతలో కార్యక్రమం అయిపోయి రికార్డింగు ఆగింది.

"ఇది మీ గొంతేగా మేడం?" అన్నాడు మెకానిక్.

నాకు తెలియలేదు. మన గొంతు మనకి ఎముకల గుండా వినిపిస్తుంది, బయటివాళ్ళకి వినిపించేది వేరు. ఏటా క్లాసులో చెప్పే పాఠమే. మా ఆయన మాత్రం నావైపు చూడకుండా, "నీదే" అన్నారు. మెకానిక్ వెళ్ళేదాకా ఆగి, "నాన్న నీ నీళ్ళలో పడ్డాడా?" అని అడిగారు. అవునని తలూపాను. ఆ ఆదివారం చర్చిలో ముందు నిలబడి వాక్యం చదివింది నేనే. సంఘమంతా చూసింది, మా ఆయనా చూశారు.

అప్పుడే మావయ్యగారి గదిలోకి వెళ్ళాను. ఇక దాచేదేముంది? మంచం పక్కన కూర్చుని, "మావయ్యగారూ, మీకో మాట చెప్పాలి" అన్నాను.

ఆయన నా చెయ్యి నిమిరారు. "నీళ్ళ సంగతేగా తల్లీ? ప్రతి ఆదివారం చెబుతానే ఉన్నావుగా. నేనూ క్షమించానంటానే ఉన్నా. ఇంక ఏడవమాక."

ఆదివారాలు మీ పక్కన కూర్చున్నది నేను కాదండీ అని చెబుదామనుకున్నాను. చెబితే కదల్లేని ఆ మనిషి ఏమైపోతాడు? "సరే మావయ్యగారూ" అని లేచి వచ్చేశాను.

పెట్టె తీయించేశాను. ఆ తర్వాత ఒక్క ఆదివారం కూడా ఆయన్ని ఒంటరిగా వదల్లేదు. నేను పక్కనే ఉన్నాను, ఎవరూ రాలేదు. చలికాలంలో ఆయన పోయారు. వచ్చినవాళ్ళంతా, నీ చేతుల మీద ప్రశాంతంగా వెళ్ళిపోయాడమ్మా అన్నారు.

ఇన్నేళ్ళు ఆలోచించినా నాకు అర్థం కాలేదు. ఆయన మనస్ఫూర్తిగా క్షమించారు, అందులో అనుమానం లేదు. కానీ ఆయన్ని క్షమాపణ అడిగింది నేను కాదు.