పోయింది కాదు, పోతాంది

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విప్పకముందే, ఎదురింటాయన ఎటు వెళ్ళాడని ఎవరో అడిగితే ధర్మసాగర్ ఊరికి పోతాండని చెప్పాను. పక్కనే హోంవర్కు రాసుకుంటున్న మా మనుమరాలు, అట్లా అనకూడదు అమ్మమ్మా, పోతున్నాడు అనాలని దిద్దింది. నవ్వి ఊరుకున్నాను గాని, క్రియ చివర దిద్దించుకోవడం నాకు కొత్త కాదు.

నర్సు చదువు అయిపోయి ఇక్కడే వరంగల్ దవాఖానలో రెండేళ్ళు పనిచేశాక, సముద్రాల అవతల పాపువా దీవి కొండల్లో ఒక చిన్న మిషన్ దవాఖానకు మనిషి కావాలంటే నేను వస్తానన్నాను. అవ్వ, అంటే మా అమ్మ, వారం రోజులు నాతో మాట్లాడలేదు. బాపు మాత్రం నేతగాళ్ళుండే కొత్తవాడకు పోయి ఒక మంచి జంపఖానా కొని నా పెట్టెలో పెట్టాడు. రోడ్డు లేని లోయ అది; పదిహేను రోజులకొకసారి చిన్న విమానం వచ్చి మందులూ ఉత్తరాలూ దించి పోయేది. అక్కడ కట్లు కట్టే పనిలో నాకు తోడుగా ఉన్న ఆ ఊరామెను నేను అక్క అని పిలిచేదాన్ని, తరువాత దవాఖానంతా ఆమెను అట్లాగే పిలిచింది.

బజార్లలో మాట్లాడే భాష తొందరగానే పట్టుబడింది గాని, ఆ లోయ వాళ్ళ సొంత భాష నన్ను నానా తిప్పలు పెట్టింది. ఒక్క క్రియకు ఎన్నో తోకలు. పని అయిపోతే ఒకటి, రోజూ చేసేదైతే ఒకటి, ఇంకా జరుగుతూ ఉంటే చివర 'కూర్చుని ఉంది' అనే మాట తగిలించాలి. వంట చేస్తాంది అనడానికి 'వండి కూర్చుని ఉంది' అన్నట్టు. నేను తోకలన్నీ వదిలేసి మొదటి ముక్కతో పని నడుపుకునేదాన్ని.

ఒక రోజు పొద్దున్నే ఏరు దాటి ఒకతను పరుగున వచ్చి తన భార్య గురించి ఏదో చెప్పాడు. కానుపు, పానం అనే రెండు మాటలు అర్థమై, పానం పోయిందనుకుని, చేతిలో దూది పక్కన పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. అక్క నా మోచెయ్యి పట్టి కుదిపింది. ఆమె అన్నది మా వరంగల్ మాటలో చెప్పాలంటే ఇంతే:

"పోలే. పోతాంది. సంచి పట్టు."

రెండు గంటలు కొండ ఎక్కాం. బిడ్డ పుట్టింది గాని మాయ పడక తల్లి నెత్తురు కారిపోతోంది. ఇద్దరం కలిసి మాయ తీసి, సూది వేసి, పొట్ట అదిమి పట్టుకుని సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం. ఆమె బతికింది. నేను ప్రార్థనలో నాలుగు నిమిషాలు పోగొట్టాను. మరునాటి నుంచి అక్క కట్లు చుట్టే వేళ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో క్రియను అన్ని తోకలతోనూ చెప్పించేది.

మూడో ఏట విమానం దించిన ఒకే టపా సంచిలో బాపు ఉత్తరమూ, ఇంటి నుంచి అక్కడి పట్నం దాకా వచ్చి ఆగిన టెలిగ్రామూ వచ్చాయి. ఉత్తరం ముందు విప్పాను. "బిడ్డా, మీ అవ్వకు పానం మంచిగ లేదు. రోజూ నిన్నే యాది చేస్తాంది" అని ఉంది. తరువాత టెలిగ్రాము విప్పాను. అవ్వను మట్టిలో పెట్టి అప్పటికే పది రోజులైంది.

అక్క వచ్చి ఏం రాశారని అడిగితే, మా అమ్మ నన్ను యాది చేసిందని అయిపోయిన తోకతో చెప్పాను. కాగితంలో అట్లాగే ఉందా అని అడిగింది. లేదన్నాను.

"అయితే రాసినట్టే చెప్పు" అంది.

యాది చేసి కూర్చుని ఉంది అని చెప్పాను. చెప్పాక ఏడుపు వచ్చింది. అక్క ఆ రోజు ఎవరికీ కట్టు కట్టలేదు, చీకటి పడేదాకా నా పక్కన నేల మీదే కూర్చుంది.

ఆరేళ్ళు చేసి, బాపుకు చూపు మందగించిందని తిరిగి వచ్చేశాను. అక్కకు రాయడం రాదు. ఆమె తరఫున ఎవరో రాసిన ఉత్తరాలు కొన్నాళ్ళు వచ్చి, తరువాత ఆగిపోయాయి. ఆమె ఉందో లేదో నాకు తెలియదు.

కిందటేడు ఆ లోయలో పనిచేసి వచ్చిన ఒక నర్సమ్మాయి మా చర్చిలో కలిసింది. ఇప్పుడు రోడ్డు పడిందట, అంబులెన్సు వస్తుందట, ఫోనులో చెబితే చాలట. సంతోషమే, నిజంగా సంతోషమే. ఆ భాషలో ఒక్క మాట చెప్పమ్మా అని ఆశగా అడిగాను. పిల్లలంతా బజారు భాషే మాట్లాడుతారనీ, తనకు దాని అవసరం పడలేదనీ చెప్పింది. నేనే ఒక మాట అని చూపించాను. ఆ అమ్మాయి మర్యాదగా నవ్వింది. ఇంత వరంగల్లులో ఆ మాట తప్పో ఒప్పో చెప్పి, మోచెయ్యి పట్టి కుదిపేవాళ్ళు నాకెవరూ లేరు.