నీళ్ళు పడినా ఆగకూడని బోరు

మా తాత వేసిన బోర్లన్నీ ఒక్కచోట చేరిస్తే భూమి జల్లెడైపోయేది. ఆయన దయతలచి ఆదివారాలు సెలవు తీసుకున్నాడు కాబట్టే మనమింకా దీనిమీద నిలబడి ఉన్నాం. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివినదాన్ని, ఈ మాత్రం లెక్క నాకొచ్చు.

నలభై ఏళ్ళు బోరు యంత్రం అదురు తిన్న చేతులాయనవి. వేళ్ళు ఎప్పుడో తిమ్మిరెక్కి అలాగే ఉండిపోయాయి. పొగలు కక్కే టీ గ్లాసు పట్టుకుని తీరిగ్గా కబుర్లాడతాడు, చూసేవాళ్ళకే చురుక్కుమంటుంది. నానమ్మ పోయాక మనసు కూడా ఆ వేళ్ళ దారే పట్టిందని అమ్మ అంటుంది.

తాత వాళ్ళక్క వృద్ధుల క్వార్టర్స్‌లో కింది అంతస్తులో ఉంటుంది. అక్కడ పాత బాయిలరు పీకేసి, పెరట్లో వంద మీటర్ల లోతున బోర్లు వేసి పైపులు దింపుతున్నారు. ఆ పైపుల్లో తిరిగే నీళ్ళు చలికాలంలో భూమి వెచ్చదనాన్ని గదుల్లోకి తెస్తాయి, ఎండాకాలంలో గదుల వేడిని కిందికి దింపుతాయి. బోర్ల పని తాతకిచ్చారు.

"ఒరేయ్, బాయిలరు పోయింది. ఈ చలికాలానికి నువ్వే దిక్కు. మోకాళ్ళు కొయ్యబారిపోతున్నాయి," అంది అక్క.

"చూస్తాలేవే."

ఆవిడ గదుల వరసకి వేసేదే చివరి బోరు. అరవై మీటర్లకి నీళ్ళు ఎగజిమ్మాయి. తాత వెంటనే యంత్రం ఆపేశాడు, రాడ్లు పైకి లాగేశాడు, బోర్లించిన బకెట్ మీద కూర్చుని మొహం తుడుచుకున్నాడు. నలభై ఏళ్ళుగా నీళ్ళు పడ్డాయంటే పని అయినట్టే మరి.

ఈ పనంతా చూస్తున్న ఇంజనీరమ్మ వచ్చి పైపు దింపించింది. నలభై మీటర్లు పైనే మిగిలిపోయింది.

"ఇదేంటి పెద్దాయనా! మనకి కావలసింది లోతు, భూమిలో నీళ్ళతో పనేముంది?"

తాత నీళ్ళకేసి చూశాడు. "అలవాటమ్మా."

"బోరు పొట్టిదైతే ఆ వరస గదులు సరిగ్గా వెచ్చబడవు. యంత్రమేమో ఎల్లుండి పొద్దున్నే వెళ్ళిపోవాలి."

తాత బకెట్ మీంచి లేచాడు. పైపు బయటికి తీయించి, రాడ్లు మళ్ళీ దింపాడు. అన్నానికి పిలిస్తే చెయ్యూపాడు. మర్నాడు సాయంత్రానికి వంద మీటర్లు దిగింది. పైపు వేశాక, దాని చుట్టూ ఖాళీ పూడ్చడానికి అడుగునుంచి బంకమట్టి ముద్ద ఎక్కించడం మొదలుపెట్టారు. నీళ్ళు పైకొచ్చాయి, బూడిదరంగుకి తిరిగాయి, ఆగిపోయాయి. బతుకంతా నీళ్ళకోసం తవ్విన మనిషి నీళ్ళ నోరు తనే మూశాడు. ఆ మొహంలో ఏముందోనని తొంగిచూశాను. బస్సుకోసం నిలబడ్డవాడి మొహమే.

వారం తర్వాత మీట నొక్కారు. అక్క గదిలో గాలి వచ్చే జాలీ మీద తాత అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

"వెచ్చగా వస్తోందా అక్కా?"

"చెయ్యి పెట్టింది నువ్వు, అడిగేది నన్నా?"

"దీనికి తెలియట్లేదే."

ఆవిడ తన ఒంటిమీదున్న స్వెట్టరు విప్పి ఆయన భుజం మీదకి విసిరింది. "ఇప్పుడు తెలిసిందా, మొద్దూ?"

తాత దాన్ని మడతపెట్టి మంచం మీద ఉంచి బయటికొచ్చాడు. నేను వెనకే పడ్డాను.

"తాతా, అన్ని నీళ్ళు పూడ్చేస్తుంటే నీకేమనిపించింది? రాసుకోవాలి, చెప్పు."

"ఏమీ అనిపించలేదు. అదే రాయి."